బోర్లించిన గ్లాసు

"వాణ్ణెవరు పిలిచారు?" అన్నాడు మాలకీ.

గొంతు పెంచలేదు. నోరీన్‌కి అదే భయం. మొగుడు అరిచాడంటే ఆమె పట్టించుకోదు. పాలపొంగు లాంటి కోపం, పది నిమిషాల్లో దిగిపోతుంది. గొంతు తగ్గించాడంటే మాత్రం ఆ కోపం ఇంట్లో మంచం వేసుకుని పడుకుంటుంది.

ఫెలన్స్ బారు గుమ్మంలో అతని తమ్ముడు ఫెర్గల్ తడిసిన టోపీ దులుపుకుంటున్నాడు. బయట అక్టోబరు వాన సన్నగా, పట్టు వదలకుండా కురుస్తోంది. కాటోనా అవెన్యూలో దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. ఫెర్గల్ నవ్వుతూ తలెత్తాడు. తల్లిని చూశాడు, పక్కన వదిన్ని చూశాడు, ఆ పక్కన అన్నని చూసి ఆగిపోయాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది. దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో పాపం అతనికి తెలియలేదు.

"నేనే పిలిచాను," అంది నోరీన్.

"అమ్మ పుట్టినరోజుకి భోంచేద్దాం రమ్మన్నావు."

"ఇది ఆవిడ పుట్టినరోజే. అతనూ ఆవిడ కొడుకే."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే వచ్చేవాడివా?"

మాలకీ ముప్పై ఏళ్ళు న్యూయార్కు కింద సొరంగాల్లో రాళ్ళు పగలగొట్టిన చేతులు బల్ల మీద పెట్టుకుని, వాటికేసి చూస్తూ కూర్చున్నాడు.

ఫెర్గల్ బల్ల దగ్గరికి వచ్చాడు. వంగి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"హ్యాపీ బర్త్‌డే అమ్మా."

"తడిసిపోయావురా," అంది ఫిలోమినా. "గొడుగు లేదా?"

"ఉంది, కారులో ఉంది."

"కారు తడవకుండా పెట్టావు కాబోలు."

ఎనభై అయిదు నిండిన ఆవిడ కొన్ని రోజులు మనుషుల్లో ఉంటుంది, కొన్ని రోజులు ఐర్లండులో, లీట్రిమ్‌లోని పుట్టింటి పెరట్లో ఉంటుంది. ఇవాళ ఎక్కడుందో నోరీన్‌కి ఇంకా అంతుపట్టలేదు.

"మంచి పనే చేశావు నోరీన్," అన్నాడు ఫెర్గల్. "నాకూ చెప్పలేదు. ఆయన పనిలో ఉంటాడన్నావు."

"కూర్చో ఫెర్గల్."

"ఎక్కడ కూర్చోను? మీ ఆయన్ని ఆ కుర్చీ కాస్త జరపమను. మా అమ్మ పక్కన కూర్చుంటాను."

"ఈ కుర్చీకి మేకులు కొట్టి ఉన్నాయని చెప్పు," అన్నాడు మాలకీ, పెళ్ళాంతో.

"మేకులు కొట్టింది కుర్చీకి కాదు, మనిషి బుర్రకని చెప్పు."

"ఆలస్యంగా వచ్చేవాళ్ళకి మిగిలిందే చోటని చెప్పు."

ఆ 'ఆలస్యం' మాట పడగానే ఫెర్గల్ మొహం మారిపోయింది. నోరీన్ కళ్ళు మూసుకుంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట అది.

"మీ ఇద్దరి మధ్య నేనేమన్నా పోస్టు డబ్బానా?" అంది. "ఒక్క పూట. ఆవిడ కోసం ఒక్క పూట మనుషుల్లా కూర్చుని తినలేరా?"

"నాకు దాహంగా ఉంది," అని మాలకీ లేచి, బారు కౌంటర్‌కి కిటికీ వైపు కొసన ఉన్న స్టూలు ఎక్కి కూర్చున్నాడు.

"నాకూ ఉంది," అని ఫెర్గల్ వంటింటి తలుపు వైపు కొసకి వెళ్ళి కూర్చున్నాడు.

నలుగురికి వేసిన బల్ల దగ్గర అత్తాకోడళ్ళు మిగిలారు.

*

బారు నడిపే డెసీ తనే ప్లేట్లు తెచ్చి పెట్టాడు. అన్నదమ్ములవి ఎక్కడ పెట్టాలని కళ్ళతోనే అడిగాడు. ఇక్కడే పెట్టమని నోరీన్ కళ్ళతోనే చెప్పింది. కాబేజీతో ఉడికించిన ఉప్పు మాంసం, వెన్న వేసి మెదిపిన బంగాళాదుంపలు నాలుగు ప్లేట్లలో పొగలు కక్కుతున్నాయి. తినేవాళ్ళు ఇద్దరే.

నోరీన్ అత్తగారి ప్లేటు దగ్గరికి లాక్కుని మాంసం చిన్న ముక్కలుగా కోసింది. ఆ పని చెయ్యడానికి ఆమె ఇప్పుడు చూడక్కర్లేదు, చేతులే చేసుకుపోతాయి. కళ్ళు మండుతున్నాయి. కాస్త వెనక్కి వాలితే చాలు, నిద్ర గోడచాటు నుంచి వచ్చి పట్టుకునేలా ఉంది. అందుకే వాలలేదు.

"మీ మామగారు రాలేదా?" అంది ఫిలోమినా.

లీట్రిమ్‌లోనే ఉందన్నమాట, అనుకుంది నోరీన్. "రాలేదమ్మా. తినండి."

"షిఫ్టులో ఉన్నారేమో."

"అయ్యుంటుంది."

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ పోయిన రోజునుంచే కొడుకులిద్దరికీ ఎడమొహం పెడమొహం. చర్చి నుంచి శవపెట్టె బయటికి మోసేటప్పుడు ముందు కొస కొడుకులది. ఎవరు అడిగినా అడక్కపోయినా అది కొడుకులదే. ఆ పొద్దున ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగి మనుషులు ఇరుక్కుపోయారని ఫోనొస్తే, లిఫ్టులు బాగుచేసే ఫెర్గల్ అటు పరిగెత్తాడు. ఇటు ఫాదర్ ప్రార్థన ముగించి కాచుకుని నిలబడ్డాడు, జనం తలుపులకేసి చూస్తున్నారు. మాలకీ ఇంక ఆగలేక తన సొరంగం ముఠాలోని ఒక మేస్త్రీని పిలిచి ముందు కొస పట్టుకోమన్నాడు. పెట్టె మెట్లు దిగుతుంటే ఫెర్గల్ వచ్చాడు. వచ్చేసరికి తండ్రి తల కింద పరాయివాడి భుజం ఉంది.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, అదే వచ్చిన చిక్కు. తప్పు చేసినవాడైతే ఎప్పుడో ఒకప్పుడు క్షమాపణ అడుగుతాడు. తప్పు చెయ్యనివాణ్ణి కదిలించడం ఎవరి తరం?

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఫెర్గల్ కారు వీధి చివర ఆగుతుంది. నోరీన్ అత్తగారిని నడిపించుకెళ్ళి ఎక్కిస్తుంది. పూజ అయ్యాక మళ్ళీ అక్కడే దించుకుంటుంది. కిటికీ పరదా వెనక మాలకీ నిలబడి ఉంటాడు. అటు అన్న, ఇటు తమ్ముడు, మధ్యలో నోరీన్ అడకత్తెరలో పోకచెక్క అయింది.

అదైనా భరించేది. ఈ వేసవి నుంచి అత్తగారు రాత్రిళ్ళు లేవడం మొదలుపెట్టింది. లేచి మెట్లు దిగి వీధి తలుపు తీస్తుంది, షిఫ్టు నుంచి మొగుడు వస్తాడని. మాలకీకి డ్రిల్లుల మోతతో చెవులు సగం పోయాయి, అతనికి వినపడదు. నోరీన్ లేచి వెళ్ళి ఆవిడ పక్కన మెట్ల మీద కూర్చుంటుంది. మళ్ళీ పడుకునేసరికి స్కూలు బస్సు తియ్యడానికి లేవాల్సిన వేళవుతుంది.

పోయిన మంగళవారం, పిల్లలతో నిండిన ఆ బస్సు ఎర్రదీపం దగ్గర ఆగింది. ఆగిన బస్సులో స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని నోరీన్ నిద్రపోయింది. వెనక ఎవరో హారన్ కొడితే ఉలిక్కిపడి లేచేసరికి, కాలు బ్రేకు మీంచి సడలిపోయి బస్సు మనుషులు దాటే చారల మీదికి పాకుతోంది. దాటుతున్న ముసలాయన ఆగి ఆమెకేసి వింతగా చూశాడు. ముందు సీటులో కూర్చునే, గిల్‌హూలీ అని పలకడం రాని చిన్నపిల్ల, "మనం వెళ్తున్నామా మిసెస్ జీ?" అని అడిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ తెలియలేదు. కానీ ఆ పిల్ల గొంతు నోరీన్ చెవుల్లోంచి పోవడం లేదు.

మాలకీకి చెప్పలేదు. చెప్తే బస్సు మానెయ్యమంటాడు. బస్సు మానేస్తే ఆ ఇంటి నాలుగు గోడల మధ్య రాత్రీ పగలూ ఆవిడే తను, తనే ఆవిడ. ఒక్క అత్తగారికే చెప్పింది, అదీ ఆ రాత్రి మెట్ల మీద, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. తెల్లారేసరికి ఆవిడకి గుర్తుండదన్న ధైర్యంతో చెప్పి, తనివితీరా ఏడ్చింది.

ఇప్పుడు దారి ఒకటే కనిపిస్తోంది. ఈ చలికాలం అత్తగారిని ఫెర్గల్ తీసుకెళ్ళాలి. అది జరగాలంటే అన్నదమ్ములు మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవాల్సినవాళ్ళు కౌంటర్‌కి చెరో కొసనా కూర్చుని గోడలకేసి చూస్తున్నారు.

"నోరీన్," అంది ఫిలోమినా, నోట్లో ముక్క నములుతూ.

"ఆఁ అమ్మా."

"ఒకడు పోతే రెండోవాడు పెట్టె మోస్తాడంటావా?"

నోరీన్ చేతిలో ఫోర్కు ఆగింది. అత్తగారి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు మళ్ళీ బంగాళాదుంపల మీదికి వెళ్ళిపోయాయి.

"మీ టీలోకి వేడినీళ్ళు తెస్తాను," అని లేచింది.

*

"వేడినీళ్ళు కావాలి డెసీ. ఇంకోటి కూడా కావాలి."

"చెప్పు."

"వాళ్ళిద్దరికీ చెరో గ్లాసు."

డెసీ నల్ల బీరు సగం నింపి, నురగ దిగడానికి పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు కొంటున్నావా? పెడతాను. నీ పేరు చెప్తాను."

"నా పేరు వద్దు. మాలకీ ముందు పెట్టి ఫెర్గల్ వైపు చూపించు. ఫెర్గల్ ముందు పెట్టి మాలకీ వైపు చూపించు."

డెసీ తుడుచుకోవడం ఆపేశాడు.

ఈ వీధిలో ఎవరైనా మనకి మందు కొంటే బారువాడు వెంటనే పొయ్యడు. చేతిలో ఉన్నది అయిపోవాలి కదా. చిన్న విస్కీ గ్లాసొకటి మన ముందు బోర్లించి, కొన్నవాడి వైపు గడ్డం ఎగరేస్తాడు. నీ తర్వాతిది ఫలానా వాడిదని అర్థం. ఆ గ్లాసుని పక్కకి నెట్టినవాడికి ఇక్కడ మళ్ళీ ఎవరూ ఏమీ కొనరు. కొన్నవాడివైపు మన గ్లాసెత్తాలి, అంతే. ఎందుకు కొన్నావని అడగడం మర్యాద కాదు.

"నా చేత అబద్ధం ఆడించకు నోరీన్. ఈ కౌంటర్ మీద గ్లాసు బోర్లించడమంటే ఒట్టు వేసినట్టు."

"నువ్వు నోరు విప్పక్కర్లేదు. గడ్డం ఎగరెయ్యి చాలు."

"గడ్డంతో ఆడితే అబద్ధం కాదా?"

"అది నువ్వూ ఫాదరూ ఆదివారం తేల్చుకోండి."

"వాళ్ళకి తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది? నువ్వు పంపావా అని ఇద్దరిలో ఒక్కడైనా అడుగుతాడా? ప్రాణం పోయినా అడగడు." ఆమె కౌంటర్ మీదికి వంగింది. "నాకు నిద్ర లేదు డెసీ. జూన్ నుంచి లేదు."

డెసీ ఆమె మొహంలోకి చూశాడు. ఏం చూశాడో గానీ, చిన్న గ్లాసులు రెండు తీసుకున్నాడు.

నోరీన్ వేడినీళ్ళ కూజాతో వెనక్కి వచ్చి కూర్చుంది. అత్తగారి కప్పులో పోసింది. పోస్తూ తల ఎత్తలేదు.

"కప్పు నిండిపోయింది," అంది ఫిలోమినా.

"అయ్యో."

"అటు చూడు మరి. చూడాలని ఉందిగా."

నోరీన్ చూసింది. మాలకీ తన ముందున్న బోర్లించిన గ్లాసుకేసి చూస్తున్నాడు, ఎవరో పాముని వదిలినట్టు. డెసీ గడ్డం కుడివైపు లేచింది. తర్వాత డెసీ అటు నడిచాడు. ఇప్పుడు గడ్డం ఎడమవైపు లేచింది. ఫెర్గల్ చెవులు ఎర్రబడటం ఇంత దూరానికి కూడా కనిపించింది.

కౌంటర్ మధ్యలో ఉన్న ఇద్దరు ముసలాళ్ళు మాటలాపి ఎవరి బీరు వాళ్ళు జాగ్రత్తగా చూసుకోసాగారు. వాళ్ళకి ఈ తొమ్మిదేళ్ళ కథ తెలుసు. వీధిలో తెలియనిదెవరికి?

మాలకీ తన బీరు గ్లాసెత్తాడు. అదే క్షణంలో ఫెర్గల్ కూడా ఎత్తాడు. ఒకరినొకరు చూసుకుని, ఎదటివాడు తనకోసమే ఎత్తాడనుకుని ఇద్దరూ తలలూపారు.

ముందు లేచింది ఫెర్గలే. గ్లాసు పట్టుకుని కౌంటర్ పొడవునా నడిచివెళ్ళి అన్న పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న సీసాలకేసి చూస్తూ కూర్చున్నారు.

"వాన," అన్నాడు ఫెర్గల్.

"వానే," అన్నాడు మాలకీ.

"ఈ ఏడు మన జిల్లావాళ్ళ ఆట చూశావా?" అన్నాడు ఫెర్గల్.

"చూశాను."

"ఏమంటావు?"

"ఏమనేదుంది. గోలుపోస్టు మేలు, కనీసం నిలబడింది."

ఫెర్గల్ నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. మాలకీ అతని వీపు మీద ఒక్కటి చరిచాడు, చరిచిన చెయ్యి అక్కడే కాసేపు ఉంచాడు.

పెట్టె సంగతి ఎత్తలేదు. తండ్రి పేరు ఎత్తలేదు. తొమ్మిదేళ్ళ మంచు అంత తేలిగ్గా, ఫుట్‌బాల్ మాటలతో కరిగిపోయింది. నోరీన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదేదో ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అనుకుంది. మనసు తేలికపడి, చల్లారిపోయిన మాంసం ముక్క తనూ నోట్లో వేసుకుంది. ఆ పూట మొదటిసారి రుచి తెలిసింది.

*

ఇద్దరూ కలిసి బల్ల దగ్గరికి వచ్చారు. మేకులు కొట్టిన కుర్చీ జరిగింది. ఫెర్గల్ తల్లి పక్కన కూర్చున్నాడు. చల్లారిన ప్లేట్లు ఇద్దరూ ఆవురావురుమంటూ ఖాళీ చేశారు. చిన్నప్పుడు ఒకే గొడ్డలి కోసం కొట్టుకున్న సంగతి, బడి మాస్టారి మేకని పడవలో ఎక్కించిన సంగతి, ఒకరి నోట్లోంచి ఒకరు లాక్కుని చెప్పారు. ఫిలోమినా వింటోందో లేదో, తింటోంది. ఆవిడ నీలం స్వెట్టరు మీద చిన్న పిన్ను మెరుస్తోంది. జన్మలో మందు ముట్టనని పడుచుతనంలో చర్చిలో ఒట్టు పెట్టుకున్నవాళ్ళు పెట్టుకునే పిన్ను అది.

ఇంతకంటే మంచి వేళ రాదనుకుంది నోరీన్.

"ఫెర్గల్, ఒక మాట అడగాలి."

"అడుగు. ఇవాళ ఏదడిగినా కాదనను."

"ఈ చలికాలం అమ్మని మీ ఇంట్లో ఉంచుకో."

ఫెర్గల్ గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. కిందికి దిగింది.

"ఉంచుకోవడానికేం," అన్నాడు. "మా ఆవిడకే నడుం బాగాలేదు."

"బ్రీజ్‌కి నడుం బాగాలేకపోతే నువ్వు చూసుకో. నీ నడుం రాయిలా ఉందిగా."

"అది కాదు నోరీన్. మా ఇంట్లో పడగ్గదులన్నీ పైన. ఆ మెట్లు అమ్మ ఎక్కలేదు."

"ఊరందరికీ లిఫ్టులు బాగుచేస్తావు. నీ ఇంట్లో మెట్లున్నాయని ఏడుస్తున్నావా?"

మాలకీ పకపకా నవ్వాడు. తమ్ముడి మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు.

"చాల్లే నోరీన్," అన్నాడు. "ఇప్పుడు ఆ మాటలెందుకు?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

"తొమ్మిదేళ్ళ తర్వాత వాడు తనంతట తను నాకు గ్లాసు పంపాడు. పంపిన పూటే వాడి నెత్తిన బరువు పెట్టాలా?"

"నేను పంపడమేంటి," అన్నాడు ఫెర్గల్. "ముందు నువ్వే కదా..."

కౌంటర్ వెనక డెసీ తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడవసాగాడు.

"సరేలే, ఎవరు ముందైతే ఏంటి," అన్నాడు మాలకీ, చెయ్యి విసురుతూ.

"అదే, ఎవరైతే ఏంటి," అన్నాడు ఫెర్గల్.

మర్యాద గండం గట్టెక్కించింది. కానీ ఆ ఊపిరి పీల్చుకునే లోపలే నోరీన్ ఇంకోటి గమనించింది. 'బరువు' అన్న మాట దగ్గర అత్తగారి చేతిలో చెంచా ఆగింది. ఇంతసేపూ ఆవిణ్ణి ఎక్కడ పెట్టాలా అని ముగ్గురూ ఆవిడ తల మీంచి మాట్లాడుకుంటున్నారు. ఎక్కడ ఉంటావని ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్ళలో తనూ ఉంది. నోరీన్‌కి సిగ్గేసింది. సిగ్గు పడటానికి కూడా ఓపిక లేకపోయింది.

"మాలకీ, నాకు చేతకావడం లేదు," అంది. "రాత్రిళ్ళు..."

"అమ్మకి నువ్వు అలవాటు," అన్నాడు మాలకీ. ప్రేమగానే అన్నాడు. "కొత్త చోట ఆవిడ బెంగపెట్టుకుంటుంది. నీలా చూసేవాళ్ళు ఈ బ్రాంక్స్ మొత్తంలో ఉన్నారా?"

"ఎక్కడా లేరు," అన్నాడు ఫెర్గల్, గబుక్కున. "బ్రీజ్ ఎప్పుడూ అంటూనే ఉంటుంది. నోరీన్ దేవత అని."

"విన్నావా? దేవత."

"ఆదివారాలు నేను తీసుకెళ్తూనే ఉంటాను."

"ఇంక వీధి చివర ఎందుకు, ఇంటికే రా."

"వస్తాను. వచ్చి టీ తాగే వెళ్తాను."

"టీ ఏంటి, భోజనమే చేద్దువుగాని. నోరీన్ వండుతుంది."

ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. తర్వాత ఇద్దరూ గ్లాసులెత్తారు.

"నోరీన్‌కి!" అన్నాడు మాలకీ.

"నోరీన్‌కి!" అన్నాడు ఫెర్గల్.

కౌంటర్ దగ్గర ముసలాళ్ళు కూడా, ఏ సంగతో తెలియకపోయినా, మంచి మనసుతో ఎత్తారు.

నోరీన్ నలుగురి గ్లాసులకేసీ చూసింది. కొరివితో తల గోక్కున్నదెవరు, తనే కదా. వీళ్ళు మాట్లాడుకోనంతకాలం కనీసం ఆదివారం వంట ఒక మనిషికి తక్కువ. కోపం రావాలి, రాలేదు. కోపానికి కూడా కాస్త నిద్రపోయిన ఒళ్ళు కావాలి. రేపు పొద్దున బస్సు. ఆ ఎర్రదీపం. ముందు సీటులో ఆ చిన్నపిల్ల.

"థాంక్స్," అంది. అనేసి, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది. కుర్చీ వెనక తగిలించిన కోటు అందుకుంది. "పదండి అమ్మా, ఇంటికెళ్దాం."

ఫిలోమినా కదల్లేదు.

*

ఖాళీ ప్లేట్లు తియ్యడానికి డెసీ వచ్చాడు. ఫిలోమినా అతని చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగి చెవిలో ఏదో చెప్పింది. డెసీ నిటారుగా లేచి ఆవిడకేసి చూశాడు, తర్వాత ఆ పిన్నుకేసి చూశాడు.

"మీరా మిసెస్ గిల్‌హూలీ?"

"నేనే. నీకు వినపడదా ఏం?"

డెసీ ప్లేట్లు అక్కడే వదిలేసి వెళ్ళాడు. చిన్న విస్కీ గ్లాసు తెచ్చాడు. నోరీన్ ముందు బోర్లించాడు. గడ్డం ఎగరేశాడు, ఆవిడ వైపు. ఈసారి ఆ గడ్డంలో అబద్ధం లేదు.

"అమ్మా!" అన్నాడు ఫెర్గల్. "నువ్వు మందు కొన్నావా?"

"తాగనని ఒట్టు పెట్టుకున్నాను. కొననని పెట్టుకోలేదు."

కౌంటర్ దగ్గర ముసలాళ్ళలో ఒకాయన టోపీ తీసేశాడు.

"ఇది నేను కొన్నది," అంది ఫిలోమినా, ఆ గ్లాసు మీద వేలు పెట్టి. "నేనే కొన్నాను, నా పేరు మీదే ఇచ్చాను. ఈ పూట మీ ముందు బోర్లిన మిగతా గ్లాసుల సంగతి నేనెత్తను. ఎత్తితే మీరిద్దరూ మళ్ళీ చెరో కొసకీ పోతారు."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి డెసీకేసి చూశారు. డెసీ పైకప్పులో ఏదో వెతుక్కుంటున్నాడు.

"అమ్మా, ఇంటికెళ్దాం," అంది నోరీన్.

"కూర్చో అమ్మాయ్." ముసలి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. రాత్రిళ్ళు మెట్ల మీద పట్టుకునే చెయ్యే అది. ఇన్నాళ్ళూ తనే దాన్ని పట్టుకుంటున్నానని నోరీన్ అనుకుంది. "నన్నెక్కడ ఉంచాలో, అది తర్వాత. అడిగితే నేనే చెప్తాను. ముందు నువ్వు ఇది తాగు. తాగి, వీళ్ళకి బస్సు సంగతి చెప్పు."

గుర్తుంది. ఆ రాత్రి అన్నదంతా, ఏడ్చినదంతా ఆవిడకి గుర్తుంది.

"నువ్వు చెప్తావా," అంది ఫిలోమినా, "నన్ను చెప్పమంటావా?"

"ఏ బస్సు?" అన్నాడు మాలకీ.

గొంతు పెంచలేదు.

నోరీన్ చిన్న గ్లాసుని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి నిలబెట్టింది. డెసీ పోశాడు. ఆమె తాగలేదు. ఎదురుగా మొగుడున్నాడు, మరిది ఉన్నాడు, మధ్యలో అత్తగారి చెయ్యి ఇంకా తన మణికట్టు మీదే ఉంది.

"పోయిన మంగళవారం," అంది నోరీన్.